నాన్న దాచిన నాలుగో పెన్ను

మీరెప్పుడైనా గడ్డపెరుగుని రాయి పెట్టి పగలగొట్టారా? నేను కొట్టా. నిజంగానే. ఆగస్టు నెలలో, అమెరికాలోని యోసెమిటీ లోయలో, పొద్దున్నే ఆరున్నరకి, ఒక పైన్ చెట్టు కింద కూర్చుని. పక్క టెంటు ముందు కాఫీ తాగుతున్న ఆవిడ నన్ను చూసి నవ్వాలో భయపడాలో తెలీక కప్పు పట్టుకుని లోపలికెళ్లిపోయింది.

పెరుగు రాయైపోతే పోనీ. దాని పక్కనే మా నాన్న ఇన్సులిన్ కూడా ఉంది. అసలు కథ అదే.

మాది భీమవరం. నాన్న ఓ ఐస్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నారు. పొద్దున టిఫిన్‌కి ముందొకటి, రాత్రి భోజనానికి ముందొకటి. పెన్నులా ఉండే ఇంజెక్షన్ కాబట్టి ఇంట్లో అందరం ‘పెన్ను’ అనే అంటాం. నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మొన్న వేసవిలో అమ్మా నాన్నా మొదటిసారి నా దగ్గరికొచ్చారు. ఎక్కడికైనా తీసుకెళ్లాలి కదా అని యోసెమిటీ అనుకున్నా. అక్కడి లోయలో క్యాంప్‌సైట్ దొరకడం మన తత్కాల్ టికెట్ కన్నా ఘోరం. నెలల ముందే, పొద్దున ఏడింటికి బుకింగ్ తెరవగానే నిమిషాల్లో అయిపోతుంది. ఎలాగో రెండు రాత్రులకి దొరికింది.

నేల మీద టెంట్ వేస్తే అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. హోటల్ తిండి నాన్న షుగర్‌కి పడదు. అందుకని మధ్యేమార్గంగా టెంట్ ట్రైలర్ అద్దెకి తీసుకున్నా. చూడ్డానికి చక్రాలున్న పెద్ద ట్రంకు పెట్టెలా ఉంటుంది. కారు వెనక తగిలించుకుని వెళ్లడమే. అక్కడికెళ్లాక మర తిప్పితే పైకప్పు లేస్తుంది. రెండు పక్కలకీ మంచాలు సొరుగుల్లా బయటికొస్తాయి. లోపల చిన్న గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్. చుట్టూ గోడలు మాత్రం గుడ్డవే. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

ఆ ఫ్రిజ్ మీద నాకు మహా నమ్మకం కుదిరింది. ఇంటి కరెంటుతో నడుస్తుంది, కారు నడుస్తున్నప్పుడు 12 వోల్టుల మీద నడుస్తుంది, రెండూ లేకపోతే గ్యాస్ మంటతో నడుస్తుంది. ట్రైలర్ ఇచ్చినాయన మూడు జాగ్రత్తలు చెప్పాడు. ముందు రోజు రాత్రే ఆన్ చేసి పెట్టుకోవాలి, ఎందుకంటే చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది. ట్రైలర్‌ని సమతలంగా నిలబెట్టాలి. కారు ఆపేశాక 12 వోల్టుల మీద వదిలేస్తే రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ. మూడూ ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నా. నేను అన్నీ ఎక్సెల్ షీట్‌లోనే రాసుకుంటా.

నాన్నకి ఆ ఫ్రిజ్ తెగ నచ్చేసింది. “మంట పెడితే చల్లబడుతుందా? అయితే లోపల అమ్మోనియా ఉండాలే” అన్నారు. నేను ఫోన్‌లో వెతికి చూస్తే నిజమే. ఇందులో కంప్రెసర్ ఉండదు. వేడి తగిలితే నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకెళ్తుంది, చల్లారి ద్రవమై, మళ్లీ ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుంటుంది. వాలుగా నిలబెడితే ఆ ద్రవం సరిగ్గా తిరగదు, అందుకే సమతలం. “మా ఫ్యాక్టరీలోనూ అమ్మోనియానేరా. కాకపోతే మాది మోటారుతో. అమ్మోనియా ఉప్పునీళ్లని చల్లబరుస్తుంది, ఆ ఉప్పునీళ్లలో నిలబెట్టిన డబ్బాల్లో నీళ్లు దిమ్మ కడతాయి” అన్నారు. నేను “ఓహో” అని మళ్లీ షీట్‌లోకి వెళ్లిపోయా.

బయల్దేరే ముందు రోజు రాత్రి “నాన్నా, పెన్నులన్నీ నాకిచ్చేయండి, ఫ్రిజ్‌లో పెడతా” అన్నా.

“వాడుతున్న పెన్ను బయటున్నా ఏం కాదురా. కొత్తవే చల్లగా ఉండాలి.”

“మీకు తెలీదు నాన్నా. దారిలో ఎండ మామూలుగా ఉండదు.”

ఆయన ఓ క్షణం నన్ను చూసి, లోపలికెళ్లి మూడు పెన్నులు తెచ్చిచ్చారు.

“అన్నీ ఇచ్చేశారా?”

“ఆఁ.”

ఫ్రిజ్‌తో పాటు ఒక చిన్న ఐస్ పెట్టె కూడా తీసుకున్నా. వండి గడ్డకట్టించిన చికెన్ కూర, రొయ్యలు అందులోకి. మామూలు ఐస్ అయితే కరిగి నీళ్లవుతుందని డ్రై ఐస్ కొన్నా. ఇక్కడ పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అది. మైనస్ 78 డిగ్రీలుంటుంది, కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది కాబట్టి గ్లవ్స్ ఉండాలి. గాలి ఆడని చోట ఆ వాయువు పేరుకుంటే ఊపిరాడదు కాబట్టి కారు అద్దాలు కాస్త దించి ఉంచాలి, పడుకునే చోట అస్సలు పెట్టకూడదు. పెట్టె మూత బిగించేస్తే లోపల ఒత్తిడి పెరిగి పగలొచ్చు. ఇవన్నీ చదివా, అన్నీ పాటించా. దాని పక్కన ఏం పెట్టకూడదో మాత్రం చదవలేదు. మూత తీయగానే తెల్లగా పొగలొస్తుంటే అమ్మ “ఇదేంట్రా, సినిమాలో డ్రీమ్ సాంగ్‌లా ఉంది” అని నవ్వింది.

ట్రైలర్ లాగుతుంటే కాలిఫోర్నియాలో గంటకి 55 మైళ్లు దాటకూడదు. మెల్లగా, మెర్సెడ్ మీదుగా వెళ్లాం. అక్కడ బయట 38 డిగ్రీలు. లోయకి చేరి ట్రైలర్ విప్పి, ఫ్రిజ్‌లో పెట్టిన థర్మామీటర్ చూస్తే గుండె జారింది. 11 డిగ్రీలు. ఇన్సులిన్ ఉండాల్సింది 2 నుంచి 8 మధ్య. కారు 12 వోల్టులతో ఆ ఎండని ఫ్రిజ్ తట్టుకోలేకపోయింది. గ్యాస్ మీదికి మార్చా. ఇంకో రెండు మూడు గంటల్లో సర్దుకునేదే. అంతలో రేంజర్ వచ్చింది.

చాలా మర్యాదగా చెప్పింది. ఇక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. గట్టి గోడలున్న బండైతే వేరే సంగతి. మీది గుడ్డ గోడల ట్రైలర్, కాబట్టి తిండి లోపల ఉంచకూడదు. ఫ్రిజ్‌లో ఉన్నా సరే. అంతా ఆ ఇనుప లాకర్లో పెట్టి గడియ వేయండి, అంది. ప్రతి సైట్‌కీ గోధుమరంగు ఇనుప పెట్టె ఒకటుంటుంది. ఎలుగుబంటి పంజా పట్టకుండా దాని గడియ లోపలికి ఉంటుంది. వాటికి వాసన అందిందంటే కారు తలుపులే ఊడబీకుతాయట. ఇక గుడ్డ గోడలెంత?

నాలుగు రోజులు కూర్చుని నేను వేసిన ప్లానంతా ఫ్రిజ్ మీద. ఇప్పుడా ఫ్రిజ్ రాత్రికి ఖాళీగా ఉండాలి. చీకటి పడుతోంది. చేతికందింది అందినట్టు ఫ్రిజ్‌లోంచి తీసి ఐస్ పెట్టెలో కుక్కేశా. పెరుగు, పాలు, కొత్తిమీర, గుడ్లు, చివరికి మూడు పెన్నులూ. మందే కదా, మరింత చల్లగా ఉంటే మరీ మంచిదనుకున్నా. పెట్టెని లాకర్లోకి తోసి గడియ వేసి, పెద్ద యుద్ధం గెలిచినట్టు వచ్చి పడుకున్నా.

ఆ హడావిడిలో నాకొక చిన్న ప్రశ్న తట్టనే లేదు. పెన్నులన్నీ నా దగ్గరుంటే ఆ రాత్రి నాన్న ఇంజెక్షన్ దేంతో చేసుకున్నారు? మందుని కాపాడటంలో పడి, ఆ మందు ఎవరి కోసమో ఆ మనిషిని చూడటం మర్చిపోయా.

పొద్దున్నే లేచి మూత తీశా. పెరుగు రాయి. పాలు రాయి. గుడ్లు పగిలి గడ్డకట్టాయి. కొత్తిమీర పట్టుకుంటే గాజుముక్కల్లా విరిగింది. పెన్నులు తీసి వెలుగుకి పెట్టి చూశా. మూడూ తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి.

ఇప్పుడొక నిజం చెప్పాలి. ఒక పెన్నుని అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టా. మెల్లగా కరిగింది. కరిగాక చూస్తే ఎప్పటిలాగే ఉంది. ఏ తేడా లేదు. ఒక రెండు నిమిషాలు, కచ్చితంగా రెండు నిమిషాలు, “ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది” అనుకున్నా. మూడు పెన్నులూ పోయాయని చెప్తే ట్రిప్ ముగిసినట్టే. టిఫిన్ తినకుండా నాన్నని కూర్చోబెట్టి నాలుగు గంటలకు పైగా వెనక్కి పరిగెత్తాలి. పైగా “మీకు తెలీదు నాన్నా” అన్న నోటితోనే చెప్పాలి.

అట్టపెట్టెలోని కాగితం విప్పి చదివా. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. పైకి మామూలుగా కనిపించినా దాని పనితనం పోయుండొచ్చు. అంటే వేసుకున్న మనిషి మందు పడిందనే అనుకుంటాడు, లోపల షుగర్ మాత్రం పెరుగుతూ పోతుంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ట్రైలర్‌లోకెళ్లా.

“నాన్నా, పెన్నులు గడ్డకట్టేశాయి.”

“మూడూనా?”

“మూడూ.”

“పారెయ్. కరిగినా పనికిరావవి” అన్నారు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

“మరి ఇప్పుడు మీకు...”

ఆయన లేచి, మంచం కడ్డీకి వేలాడుతున్న ఓ చిన్న సంచి తీశారు. గోనెగుడ్డ తొడుగు, అమ్మ చేత్తో కుట్టింది. పైన తడిగా ఉంది. లోపల పాత స్టీలు డబ్బా. మూత తీస్తే దూదిలో చుట్టిన నాలుగో పెన్ను.

“వాడుతున్నది ఇదేరా. నీకిచ్చినవి కొత్తవి.”

నాకు మాట రాలేదు. ఆయనే చెప్పారు. వాడుతున్న పెన్ను మామూలు గది వేడిలో కొన్ని వారాలుంటుంది. ఎన్ని రోజులన్నది మందుని బట్టి మారుతుంది, కాగితం మీదే రాసుంటుంది. 30 డిగ్రీలు దాటకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే చాలు. “రాత్రి ఇక్కడ ఎంతుంది?” అన్నారు. ఫోన్‌లో చూశా. 13 డిగ్రీలు. “మనిషే దుప్పట్లు కప్పుకుని పడుకున్నాడు. దీనికి ఐస్ ఎందుకు చెప్పు? పగలు ఎండెక్కితే గుడ్డ తడుపుతా. అంతే.”

మే నెలలో, కరెంటు పోయినప్పుడు, ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఆయన మందు దాచుకున్నది ఆ డబ్బాలోనేనట. నీళ్లు ఆవిరవుతూ డబ్బాలోని వేడిని లాక్కుంటాయి. మన కుండ పనిచేసేది ఇందుకే. లెక్క చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. కిలో ఐస్ కరగడానికి లాక్కునే వేడి కన్నా కిలో నీళ్లు ఆవిరవడానికి లాక్కునే వేడి దాదాపు ఏడు రెట్లు. భీమవరం గాలిలో తేమెక్కువ కాబట్టి అక్కడ గుడ్డ మెల్లగా ఆరుతుంది. ఈ కొండల్లో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంకా బాగా చల్లబడుతుంది. అది నాన్న చేత్తో పట్టుకుని చెప్పారు, నేను తర్వాత లెక్కేసి ఒప్పుకున్నా.

“ఐస్ ఫ్యాక్టరీలో ఉండి మందు ఐస్‌లో పెట్టుకోలేదా నాన్నా?” అన్నా.

“చేపకి ఐస్ తగలాలి. మందుకి తగలకూడదు. రెండిటికీ చల్లదనమే కావాలి, కానీ ఒకే చల్లదనం కాదురా.”

“మరి ఒకటి దాచుకున్నట్టు నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పా కదా, బయటున్నా ఏం కాదని. నువ్వు విన్లేదు. మళ్లీ చెప్తే నీకు కోపం. ఎందుకొచ్చిన గొడవని ఒకటి ఉంచుకున్నా.”

మా ఉద్యోగంలో దీన్ని బ్యాకప్ అంటాం. సర్వర్ మీద పూర్తి నమ్మకం లేనివాళ్లు పెట్టుకునేది. ఇక్కడ ఆ సర్వర్‌ని నేనే. కోప్పడలేదు, తిట్టలేదు. నాకు తెలీకుండా నా నుంచి తన ప్రాణాన్ని కాపాడుకున్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

“ముందు టిఫిన్ సంగతి చూడండి, ఆయనకి టైమైంది” అంది అమ్మ. నాన్న ఇంజెక్షన్ చేసుకున్నారు. ఉప్మా తిన్నారు. తర్వాత నేనెళ్లి పెరుగు పగలగొట్టా. కరిగాక అది విరిగిపోయి నీళ్లూ పలుకులుగా విడిపోయింది. అమ్మ ఓ మాట కూడా అనకుండా దాన్ని మజ్జిగ పులుసు చేసేసింది. చికెన్, రొయ్యలు మాత్రం బంగారంలా ఉన్నాయి. వాటికి డ్రై ఐస్ సరైనదే. తప్పు ఐస్‌ది కాదు.

ఆ రోజు నుంచి ఐస్ పెట్టె బాధ్యత నాన్నది. మిగిలిన డ్రై ఐస్‌ని గాలి తగిలే చోట, ఎవరూ ముట్టుకోకుండా ఆవిరైపోనిచ్చాం. పక్కనున్న స్టోర్‌కెళ్లి మామూలు ఐస్ సంచులు తెచ్చా. నాన్న ఒక ముక్క తీసి చూసి “ఇది ఐసా, మరమరాలా? దిమ్మ దొరకదా?” అన్నారు. ముక్క చిన్నదయ్యేకొద్దీ గాలి తగిలే పైభాగం ఎక్కువ, త్వరగా కరిగిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో దిమ్మల్ని ఊకలో, గోనెల్లో కప్పి ఉంచేవాళ్లట. ఇక్కడ దిమ్మ లేదు, ఊక లేదు. ఉన్నవాటితోనే సర్దారు.

ఎలాగంటే, అడుగున ఐస్, దాని మీద మాంసం డబ్బాలు, మళ్లీ ఐస్, పైన పాలు, కూరగాయలు. చేపల లారీలో వరస మీద వరస పేర్చినట్టు. ఖాళీ మిగిలిన చోట మడిచిన తువ్వాళ్లు కుక్కారు, లోపల వేడిగాలికి చోటు లేకుండా. నేను కూల్‌డ్రింక్ డబ్బాలు తెచ్చి పెట్టబోతే చేయి పట్టుకున్నారు. “ఎండలో ఉన్నవి పెడతావేంట్రా? ముందు ఆ వాగులో నీళ్లు బకెట్‌తో తెచ్చి చల్లారబెట్టు. తాగేవాటికి వేరే సంచి. ఇది ఊరికే తెరవకూడదు.” లెక్క చూస్తే అదీ నిజమే. 30 డిగ్రీల వేడి మీదున్న పన్నెండు డబ్బాలని సున్నాకి తేవాలంటే కిలోన్నరకి పైగా ఐస్ వాటికే కరిగిపోతుంది.

కరిగిన నీళ్లు పారబోయబోతే దానికీ వద్దన్నారు. “చేపకైతే నీళ్లు పోవాలి, నానితే పాడైపోద్ది. ఇక్కడన్నీ మూత డబ్బాలే. ఐస్ తేలుతున్నంతసేపూ ఆ నీళ్లూ ఐసంత చల్లనే. ఉండనీ.” పెట్టె మీద తడి తువ్వాలు కప్పి, ఎండ జరిగేకొద్దీ నీడలోకి జరుపుతూ కూర్చున్నారు. ఎదురుగా హాఫ్ డోమ్ కొండ. ప్రపంచమంతా దాని ఫొటో తీసుకోడానికొస్తే మా నాన్న దానికి వీపు పెట్టి ఐస్ పెట్టెకి కాపలా.

నేను చేసిందొకటే. థర్మామీటర్ ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టెలో పెట్టా. మాంసం, పాలు 4 డిగ్రీల లోపు ఉండాలి. అది దాటి రెండు గంటలుంటే, బయట 32 డిగ్రీలు మించిన ఎండైతే గంటకే, పారేయడం మంచిది. మేం ఊరికెళ్లే రోజు మధ్యాహ్నం దాకా ముల్లు 3 దాటలేదు. నాన్నకి చూపించా. “ఆ ముల్లు చెప్పకపోతే తెలీదేంటి” అన్నారు గానీ, తర్వాత నేను చూడట్లేదనుకుని రెండుసార్లు మూత సందులోంచి తొంగిచూశారు.

వెనక్కొచ్చాక ఇంటి ఫ్రిజ్‌లో మిగతా పెన్నులున్నాయి కాబట్టి ఇబ్బంది కాలేదు. నవంబర్‌లో వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు సామాన్లు సర్దుతూ, పెన్నులు చేతిలోకి తీసుకుని ఆగా. అలవాటుగా నేనే ఏదో ఒక పెట్టెలో పడేసేవాణ్ని.

“ఇవెక్కడ పెట్టమంటారు నాన్నా?” అన్నా.

“చేతి సంచిలో. విమానం కింద సామాన్ల గదిలో గడ్డకట్టినా కట్టొచ్చు” అన్నారు. తర్వాత నా మొహం చూసి నవ్వి, “నాలుగూ నీ చేత్తోనే సర్దు” అన్నారు.

వచ్చే వేసవిలో మళ్లీ వస్తామన్నారు. అదే టెంట్ ట్రైలర్ కావాలట అమ్మకి. ఎక్సెల్ షీట్ ఇప్పుడే తెరిచా. మొదటి వరుసలో ‘మందులు’ అని రాసి పక్క గడి ఖాళీగా ఉంచా. అది ఆదివారం ఫోన్‌లో నాన్న చెప్తే నింపుతా.